పొగ తినే ఇటుక

అసిరయ్యను జన్మలో మొదటిసారి ‘గారు’ అని పిలిచినవాడు సుదీప్. ఆ ఒక్క ‘గారు’తోనే మా కొంప మునిగిందని పోలమ్మ ఈరోజుకీ అంటుంది. అనదు మరి? పద్దెనిమిదో ఏట కాంట్రాక్టరు కింద పనికి కుదిరి, ముప్పై రెండేళ్ళు ఫర్నేసుల కడుపులో దూరి ఇటుక పేర్చిన మనిషి ఆమె మొగుడు. అన్నేళ్ళలో ‘అబే’ అనీ ‘ఏయ్’ అనీ తప్ప ఇంకో పిలుపు ఎరగడు. అలాంటివాడి దగ్గరకు బూట్లేసుకున్న ఇంజనీరు బాబు, హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఊళ్ళో గోల్‌మురి పేట వెనక బస్తీలోకి, ఆ మురిక్కాలవ సందులోకి నడిచొచ్చి, “నమస్కారమండీ అసిరయ్య గారూ” అన్నాడు. మనిషి అక్కడికక్కడే కరిగిపోయాడు. కూర్చోబెట్టడానికి కుర్చీ లేదని పక్కింటికి తనే పరిగెత్తాడు.

ఇంతకీ ఆ బాబు వచ్చింది అసిరయ్య కోసం కాదు, అసిరయ్య వంటింటి గోడ కోసం.

ఆ గోడ సంగతి చెప్పాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి. ఆ ఏడు వానలకు వంటింటి వెనక గోడ నిలువునా కూలింది. అప్పటికే అసిరయ్యకు దగ్గు పట్టుకుని పని మానేశాడు. సిమెంటు కొనే తాహతు లేదు. ఉక్కు కాచేటప్పుడు పైకి తేలే మడ్డిని స్లాగంటారు, చల్లారాక దాన్ని గుట్టలు పోస్తారు. ఆ గుట్టల దగ్గర పొడి నాలుగు గోతాల నిండా ఎత్తుకొచ్చి, కాస్త సున్నం కలిపి, నీళ్ళు తెమ్మన్నాడు పెళ్ళాన్ని. పోలమ్మ తేనంది. కుళాయి పొద్దున గంటసేపు వస్తుంది, అదీ వస్తే. ఉన్న ఒక్క బిందె తాగడానికి. “తాగే నీళ్ళు తెచ్చి దుమ్ములో పొయ్యమంటావేటి?” అని కసిరి, అన్నం వార్చిన గంజి పోసి పులవబెట్టే కుండను అతని ముందుకు తోసింది. మూడు రోజుల గంజి, చిక్కగా, పుల్లటి వాసనేస్తూ ఉంది. అతను గొణుక్కుంటూనే దాంతో కలిపి చెక్క అచ్చులకు కొట్టాడు. తడి ఆరిందో లేదో చూడ్డానికి ప్రతి ఇటుక మూలనా పోలమ్మ బొటనవేలు గుచ్చింది.

గోడకు పోగా మిగిలిన ఇటుకలు బొగ్గుల పొయ్యి వెనక పడి ఉన్నాయి. నెల రోజులు ఆ పొగలోనే ఉన్నాయి. ఒకనాడు అడ్డంగా ఉందని అసిరయ్య ఒక ఇటుకను పగలగొట్టబోతే సుత్తి ఎగిరి మోకాలికి తగిలింది. ఆ నొప్పికి ఏడవాల్సిన మనిషి గంటసేపు ఆ ఇటుకనే తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి అతనికి ఇదే పిచ్చి. తుప్పు పట్టిన ఇనప బీరువా ఒకటి సంపాదించి పెరట్లో నిలబెట్టాడు. పొయ్యి గొట్టాన్ని అందులోకి తిప్పాడు. అరల్లో పచ్చి ఇటుకలు పేర్చి, తలుపు సందులు మట్టితో మెత్తి, పన్నెండు రోజులు పొగ పట్టించేవాడు. పొడి పాళ్ళు మార్చాడు, సున్నం పాళ్ళు మార్చాడు, రోజులు మార్చాడు. మార్చనిది గంజి ఒక్కటే. మార్చాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు, కుళాయి సరిగ్గా వస్తే కదా తోచడానికి.

పోలమ్మ కాసిడీహ్ పేటలో వీరరాఘవులు గారింట్లో వంట చేసి అంట్లు తోమేది. పెద్ద కారఖానాలో మేనేజరుగా చేసి రిటైరైన ఆయన ఇల్లు. వాళ్ళ పెరట్లో కుళాయి గట్టు పగిలితే, అమ్మగారు రమణి అడిగిందని నాలుగు ఇటుకలు సంచీలో వేసుకెళ్ళి పరిచింది. సరిగ్గా అప్పుడే వాళ్ళబ్బాయి సుదీప్ బెంగళూరులో ఉద్యోగం మానుకుని వచ్చి ఉన్నాడు. భూమి వేడెక్కిపోకుండా ఏదో ఒకటి కనిపెట్టి కంపెనీ పెట్టాలని ఇల్లంతా కాగితాలు పరుచుక్కూర్చున్నాడు. సిమెంటు లేని, కాల్చని ఇటుక కాళ్ళ కింద కనపడింది. మర్నాడే బస్తీకి వచ్చాడు.

వెంట నేహ అనే తెలుగమ్మాయి వచ్చింది, రసాయనశాస్త్రం చదివింది, నిదానస్తురాలు. ఆ అమ్మాయే పోలమ్మకు విడమరిచి చెప్పింది. సిమెంటు కాల్చేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువే లోకాన్ని ఇలా ఉడకబెడుతోందని, ఈ ఇటుకకు కాల్చే పనే లేదని, పైపెచ్చు పొగలో ఉన్న ఆ గాలినే లోపలికి పీల్చుకుని ఇది రాయవుతోందని. ఆ మే నెలలో సాక్చి బజార్లో ఎండకు ఇద్దరు రిక్షావాళ్ళు పడిపోవడం పోలమ్మ కళ్ళారా చూసి ఉంది. రేకు కింద బతికే మనిషికి వేడి గురించి ఒకరు చెప్పాలా?

“అయితే ఇది పొగ తింటాదన్నమాట” అంది.

సుదీప్ ఆ మాట అప్పటికప్పుడే రాసుకున్నాడు. తర్వాత అదే కంపెనీ బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో వెలిసింది. ఎవరన్న మాటో అందులో లేదు. పోనీలే, ఆవిడకు దాని మీద కోపం కూడా లేదు. ఎందుకంటే ఆ బాబు ఒక మాటిచ్చాడు. షెడ్డు పెడతానన్నాడు, ఇరవైమంది ఆడవాళ్ళను పనిలోకి తీసుకుంటానన్నాడు, వాళ్ళమీద పోలమ్మే మేస్త్రీ అన్నాడు. ఆడమేస్త్రీ! ఇరవై ఏళ్ళుగా ఇంకొకరి అంట్లు తోమి గోళ్ళు అరిగిపోయిన మనిషికి ఆ మాటతో గుండె నిండిపోయింది. ఆ షెడ్డు నిలబడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

ఆ రోజే నేహ పుస్తకం తెరిచి అన్నీ అడిగి రాసుకుంది. పొడి ఎంత, సున్నం ఎంత, పొగ ఎన్ని రోజులు. అసిరయ్య ఛాతీ విరుచుకుని అన్నిటికీ జవాబు చెప్పాడు.

“ఏ నీళ్ళు వాడతారండీ?” అని అడిగింది చివరికి.

పోలమ్మ గంజి కుండ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉంది. అసిరయ్య ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు ఆవిడ చెయ్యి తనంతట తనే కుండను కొంగు చాటుకు తీసుకుంది. తీసుకున్నందుకు తర్వాత ఎన్నిసార్లు తన్ను తాను తిట్టుకుందో లెక్కలేదు.

“కుళాయి నీళ్ళేనమ్మా” అన్నాడు అసిరయ్య.

ఎందుకన్నాడంటే, దానికో పాత పుండు ఉంది. పనికి కుదిరిన కొత్తలో మధ్యాహ్నం అందరూ రొట్టెలు విప్పుకుంటే అసిరయ్య సత్తుగిన్నెలో గంజి తాగేవాడు. గంజిని అక్కడివాళ్ళు మాడ్ అంటారు. హాజరు రాసే మున్షీ అది చూసి ‘మాడ్‌వాలా’ అని పేరు పెట్టాడు. ఇక అంతే, హాజరు పట్టీలో అసిరయ్య, మనుషుల నోట్లో మాడ్‌వాలా. జీతం రోజు కూడా మాడ్‌వాలా అని కేకేస్తేనే వెళ్ళి వేలిముద్ర వెయ్యాలి. పెళ్ళయిన మర్నాటి నుంచే పోలమ్మ చేత రొట్టెలు చేయించుకుని పట్టుకెళ్ళాడు. గంజి మాత్రం మానలేదు. రోజూ మధ్యాహ్నం తలుపు దగ్గరకేసుకుని, ఉప్పుగల్లు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ పెద్ద లోటాడు తాగితే తప్ప అతనికి తిన్నట్టుండదు. బయట ఎవరైనా అడిగితే మాత్రం ఆ వాసనే పడదంటాడు. ముప్పై రెండేళ్ళ తర్వాత ఒకడు ‘గారు’ అన్నాడు. వాడి ముందు, అందులోనూ మన తెలుగు పెద్దింటివాళ్ళ ముందు, గంజి అనే మాట అతని నోటికి రాలేదు.

మొదట అంతా బాగానే నడిచింది. పరీక్షలకని సుదీప్ పట్టుకుపోయినవి ఇంటి బీరువాలో తయారైనవే. అవి మర కింద పెట్టి నొక్కితే సిమెంటు ఇటుకల్ని మించి నిలబడ్డాయట. ఢిల్లీలో ఏదో బహుమతి ఇచ్చారు. సుదీప్, అసిరయ్య పక్కపక్కన నిలబడ్డ ఫోటో పేపర్లో పడింది. అసిరయ్య ఆ పేపరును మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, టీకొట్లో అడిగినవాడికీ అడగనివాడికీ తీసి చూపించాడు. కూతురు ఉజ్వల, సాక్చిలో ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది, “పాపా, మా కీ ఫోటో కహాఁ హై?” అని తండ్రిని హిందీలో అడిగింది. అమ్మ ఫోటో ఏదని అడిగితే నవ్వేసి, పేపరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

షెడ్డు లేచింది. రేకుల కప్పు, కలిపే మర, బీరువాకు బదులు గది అంత పెద్ద పొగపెట్టె. ఇరవైమంది ఆడవాళ్ళు వచ్చారు. ఉన్న ఇళ్ళలో పని మానుకుని వచ్చారు, పోలమ్మ మాట నమ్మి. పోలమ్మ కూడా కాసిడీహ్ ఇంటికి రానని చెప్పేసింది. మరలోకి గొట్టంతో నీళ్ళు పట్టడం ఆవిడ కంట పడింది. ఆ రోజే ఇంట్లో మొగుణ్ణి పట్టుకుంది. గంజి సంగతి చెప్పెయ్యమంది. నీళ్ళయినా గంజయినా తడి తడే, గట్టిపరిచేది పొగ, నువ్వు మేస్త్రీవా నేను మేస్త్రీనా అని అతను ఇంతెత్తున లేచాడు.

పదిహేను రోజులకు మొదటి వాయి బయటికి తీశారు. చూపుకు బాగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి సన్నటి పగుళ్ళు. వానజల్లు తగిలిన వరసలో మూలలు రాలి కింద పొడి పడింది. రెండో వాయీ అంతే, మూడోదీ అంతే. సుదీప్ స్లాగు మార్పించాడు, మరను మార్పించాడు, నేహ రాత్రనక పగలనక లెక్కలు కట్టుకుంది. పాపం ఆ పిల్ల కళ్ళ కింద నల్లబడింది. అసిరయ్యకు లోపల తెలుసు. తెలిసీ పొగ సరిగ్గా ముట్టడం లేదని, బొగ్గు మంచిది కాదని, ఆడవాళ్ళు సరిగా దట్టించడం లేదని ఒక్కో రోజు ఒక్కో కారణం చెప్పుకొచ్చాడు. ఆడవాళ్ళ మీదకు తోసిన రోజు పోలమ్మకు కడుపు మండిపోయింది.

ఒక ఆదివారం, షెడ్డులో ఎవరూ లేనప్పుడు, ఆవిడ నాలుగిళ్ళ గంజి పోగేసి డబ్బాలో పోసి ఉజ్వల చేత మోయించుకుని వెళ్ళింది. చేత్తోనే కలిపి పది ఇటుకలు కొట్టింది. అలవాటు చొప్పున మూలల్లో వేలు గుచ్చింది. మిగతావాటితో పాటే పొగపెట్టెలో పెట్టింది. చుట్టూ ఉన్నవన్నీ పగిలాయి, ఆ పది పగల్లేదు. వాటిని చూసుకుని ఆవిడ షెడ్డులో ఒక్కతే కూర్చుని ఏడ్చింది, సంతోషంతోనే.

ఇంతలో డబ్బు పెట్టే ఆయన దిగాడు, భానుప్రకాష్ అని, ఢిల్లీ నుంచి. ఇటుక నిలబడుతుందంటేనే షెడ్డు నడుస్తుంది, లేదంటే ఇవాళ్టితో మూత అని ముందే చెప్పాడు. షెడ్డు మధ్యలో బల్ల వేసి, పగిలిన ఇటుకలు ఒక పక్క, ఢిల్లీలో నెగ్గినవి ఒక పక్క పెట్టారు. ఆయన హిందీలో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. మొదటివాటిలో ఉన్నదేమిటి, వీటిలో లేనిదేమిటి? సుదీప్ నేహ వైపు చూశాడు. నేహ తెలియడం లేదని ఒప్పుకుంది. అసిరయ్య తల వంచుకుని పైపంచె కొస నలుపుకుంటున్నాడు.

మూలన ఆడవాళ్ళతో నిలబడ్డ పోలమ్మ ముందుకొచ్చింది. ఒడిలోంచి రెండు ఇటుకలు తీసి బల్ల మీద పెట్టింది. 

“అయ్యా, తప్పు పొడిలో లేదు, పొగలో లేదు. మా ఇంటికాడ మొదట్నుంచీ నీళ్ళు పొయ్యలేదు, గంజి పోసినాం. ఇలాటివి పది ఈ షెడ్డులోనే గంజితో సేసినాను. ఒక్కటీ పగల్లేదు, సూడండి.”

నేహ కుర్చీలోంచి లేచి ఆ ఇటుకను వెలుతురుకు పట్టి చూసింది. ఎన్నాళ్ళకో ఆ మొహంలోకి కళ వచ్చింది. అసిరయ్య వైపు తిరిగింది.

“నిజమేనా అసిరయ్య గారూ? గంజి అయితే గంజి అని చెప్పండి. అందులో తప్పేమీ లేదు. అదే దీన్ని పగలకుండా పట్టి ఉంచుతుండొచ్చు. మీరు అవునంటే చాలు, ఇవాళే మళ్ళీ మొదలుపెడదాం.”

ఔను అనే ఒక్క ముక్క. ఇరవైమంది ఆడవాళ్ళూ అతని నోటి వైపే చూస్తున్నారు. భానుప్రకాష్‌కు తెలుగు రాదు, పక్కనున్న మనిషిని ఆవిడ ఏమందని అడిగాడు. ఆ మనిషి “మాడ్, సర్” అన్నాడు. “మాడ్?” అని భానుప్రకాష్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, వింతగా తోచి నవ్వాడంతే. అసిరయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మున్షీ నవ్వు అలాగే ఉండేదేమో ఎవరికి తెలుసు.

“గంజేటి?” అన్నాడు. “మా ఇంట్లో గంజి మానేసి శానా ఏళ్ళయింది బాబూ. ఇవి ఇంటికాడ బీరువాలో సేసిన ఇటుకలు. మేస్త్రీ పని పోతాదని ఈడకి తెచ్చి సూపిత్తంది. దీనికేటీ తెల్దు.”

గుమ్మం దగ్గర నుంచి ఉజ్వల, “పాపా, సచ్ బోలో” అని తండ్రిని నిజం చెప్పమంది, ఆ గంజి డబ్బా మోసింది తనేనని హిందీలో గట్టిగా చెప్పింది. తండ్రి అటు తిరగలేదు. ఇటుక మూలన వేలి గుర్తు ఉంది, ఢిల్లీకి వెళ్ళొచ్చిన ఇంటి ఇటుకల మీదా అదే గుర్తు ఉంది, షెడ్డులో పగిలినవాటి మీద లేదు. ఇక పోలమ్మ మాటైనా, తల్లి పక్షాన మాట్లాడే కూతురి మాటైనా ఎవరు నమ్ముతారు? భానుప్రకాష్ వాచీ చూసుకున్నాడు. సుదీప్ ఆ రెండు ఇటుకల వైపు కొంచెంసేపు చూశాడు. అతనికి అనుమానం రాలేదంటే నేను నమ్మను. కానీ బహుమతి కాగితాల మీద నీళ్ళని రాసి ఉంది, సంతకం అతనిది. ఇది వాళ్ళింటి గొడవలా ఉంది, మనం తలదూర్చడం బాగుండదని నెమ్మదిగా ఇంగ్లీషులో అన్నాడు. నేహ పోలమ్మ మొహంలోకి చూసి, ఏదో అడగబోయి, పుస్తకం మూసేసింది.

మొగుడు చేతకానివాడైతే సర్దుకుపోవచ్చు, కోపిష్టివాడైతే ఓర్చుకోవచ్చు. నలుగురిలో నిలబెట్టి దొంగను చేసినవాణ్ణి ఏం చేసుకుంటాం? పోలమ్మ ఆ రెండు ఇటుకలూ మళ్ళీ ఒళ్ళో వేసుకుని ఇంటికి నడిచింది.

ఇంటి బీరువాలో అయ్యేది షెడ్డులో కాదని తేల్చి షెడ్డు మూసేశారు. సుదీప్‌కు వచ్చిన నష్టమేం లేదు, ఆ బహుమతి చూపించే పుణేలో ఇంకేదో కొత్త కంపెనీలో చేరాడు, నేహకు కూడా అక్కడే పని దొరికింది. వెళ్ళే ముందు సుదీప్ బస్తీకి వచ్చి, ఓటమి కూడా పాఠమేనండీ అసిరయ్య గారూ అని భుజం తట్టి పోయాడు. ఇరవైమంది ఆడవాళ్ళలో సగంమందికి పాత ఇళ్ళలో పని దొరకలేదు. పోలమ్మ ఎదురైతే వాళ్ళు సందు మారి పోతున్నారు. రమణి అమ్మగారు మాత్రం పోలమ్మను మళ్ళీ పెట్టుకుంది, కాకపోతే వంటకు ఇంకో మనిషి కుదిరిందట, అంట్లకే రమ్మంది. ఇక షెడ్డంటారా, దాన్ని ఒక సిమెంటు వ్యాపారి గోడౌనుకు తీసుకున్నాడు. పోలమ్మ రోజూ కాసిడీహ్ వెళ్తూ దాని ముందు నుంచే నడుస్తుంది, లారీలోంచి బస్తాలు దింపుతుంటే లేచే దుమ్ము ఆవిడ మీదే పడుతుంది.

ఇన్ని జరిగినా అసిరయ్యను ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటుందేమోనని అతను పది రోజులు బిక్కుబిక్కుమంటూ తిరిగాడు. అనకపోయేసరికి, పోనీలే, మర్చిపోయింది కాబోలు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే స్నానం చేసి వచ్చి, తలుపు దగ్గరకు వేసి, పీట వాల్చుకుని కూర్చున్నాడు. వెనక ఆ గోడ ఆరు వానాకాలాలు తడిసి కూడా ఒక్క బీట లేకుండా నిలబడి ఉంది. పోలమ్మ అన్నం వార్చుతోంది. గంజి తెల్లగా, పొగలు కక్కుతూ గిన్నెలో పడుతోంది.

అతను ఉల్లిపాయ చేత్తో చిదిపి, ఉప్పుగల్లు లోటాలో వేసి, లోటా ముందుకు జరిపాడు.

పోలమ్మ వార్చడం పూర్తిచేసింది. గంజి గిన్నె ఎత్తుకుని వెనక తలుపు తీసి పెరట్లో బీరువా మొదట్లో మొత్తం పారబోసి వచ్చింది. బిందెలోంచి నీళ్ళు ముంచి అతని లోటా నిండా పోసింది.

“ఏటే ఇది?” అన్నాడు అసిరయ్య.

“కుళాయి నీళ్ళు” అంది. “మనింట్లో గంజి మానేసి శానా ఏళ్ళయింది కదా. తాగండి, అసిరయ్య గారూ.”